ఫియట్ డోర్ కొంటున్నారా, ముందు బందులు చూడండి

ఎడిటర్ గారికి,

మా నాన్నగారి 1963 ఫియట్ 1100 సూపర్ సెలెక్ట్ కారుకి ఎడమవైపు ముందు డోర్ అడుగంతా తుప్పు పట్టి రాలిపోతోంటే, ఫోన్‌లోనే బేరమాడి పాతది ఒకటి తెప్పించుకున్నాను. "1100 డోరే కదా సార్, మీదీ అదేగా" అన్నాడు షాపతను. పాపం అబద్ధమేమీ చెప్పలేదు. తీరా గోనెపట్టా విప్పి చూస్తే, డోర్‌ని బాడీకి పట్టి ఉంచే బందులు ముందు అంచుకి ఉన్నాయి. మా బండికేమో ముందు డోర్ బందులు రెండు డోర్ల మధ్య ఉండే నడిమి స్తంభానికి ఉంటాయి, అంటే డోర్ వెనక్కి తెరుచుకుంటుంది. చీర కట్టుకున్నవాళ్లు దిగడానికి అంత సుఖమైన డోర్ ఇంకోటి లేదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. నాన్నకి మాత్రం టెన్షనే, ఎందుకంటే సరిగ్గా పడని డోర్ బండి పోతుండగా తెరుచుకుందంటే గాలి దాన్ని ఇంకా వెనక్కి లాగేస్తుంది.

చిక్కంతా పేరులోనే ఉంది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ వాళ్లు 1954 నుంచీ తయారుచేసిన ఈ ఫియట్లన్నీ జనం నోట్లో "ఫియట్ 1100"లే. సెలెక్ట్, సూపర్ సెలెక్ట్ మోడళ్ల దాకా ముందువైపు వెనక్కి తెరుచుకునే డోర్లే. 1964లో 1100డీ వచ్చాక బందులు ముందుకి మారాయి. ఆ బాడీయే తర్వాత ప్రెసిడెంట్ అయింది, 1974లో పద్మిని అయింది, 1990ల చివరిదాకా వస్తూనే ఉంది. అందుకే షాపుల్లో దొరికేవి చాలావరకు ఆ రెండో రకమే. డోర్ మీద చాసిస్ నంబరు ఉండదు, సంవత్సరం ఉండదు. అద్దం మీద గుర్తు చూసి సంవత్సరం చెప్పేస్తామనే మేధావులూ ఉన్నారు కానీ, అది అద్దం వయసు. మధ్యలో ఎవరైనా అద్దం మార్చి ఉంటే?

నా మటుకు నేను లోపలి అంచున, రబ్బరు బీడింగ్ కింద, గోరంత మేర రంగు గీకి చూస్తాను. పైపైన ఎన్నిసార్లు పెయింట్ కొట్టినా అక్కడ మొదటి రంగు దొరుకుతుంది. నాకొచ్చిన డోర్ గీకితే నలుపు తేలింది, బొంబాయి ట్యాక్సీదేమో మరి. ట్యాక్సీదైతే రోజుకి ఎన్నిసార్లు తీసి వేసి ఉంటారో, బందుల పిన్నులు అరిగి డోర్ వేలాడుతుంది. బందులు పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆ సంగతి తెలిసిపోతుంది. డోర్ కింది అంచున నీళ్లు పోయే రంధ్రాలు పూడిపోయాయేమో చూడండి, అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. అది అతుక్కోని చోటల్లా కింద లప్పమే.

మా టింకరింగ్ మేస్త్రి ధారాళంగా, "స్తంభం కోసి బందులు ముందుకి వెల్డింగ్ చేసేస్తా, సేఫ్టీ కూడా" అన్నాడు. వద్దన్నాను. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజిన్‌లో గానీ మార్పు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజే 20,000 రూపాయలు. అంత కట్టి, స్తంభం కోసిన బండిని తీసుకెళ్లి ఆఫీసులో ఏం చెప్పుకోను?

ఆటోనగర్‌లో, ఇతర చోట్ల పాత బళ్లు కోసే అన్నలకి మీ పత్రిక ద్వారా ఒక్క మనవి. బండి కోసేముందు ఆర్‌సీ మీ చేతిలోనే ఉంటుంది కదా, అందులోని మోడల్, సంవత్సరం చూసి డోర్ లోపలివైపు పెయింట్‌తో రాసి పారేయండి. రెండు నిమిషాల పని. 1100 అని ఊరుకోకుండా డీ ఉందో లేదో కూడా రాయండి. సరుకు తిరిగొచ్చే గొడవ మీకూ తప్పుతుంది, రానూపోనూ లారీ కిరాయి మాకూ మిగులుతుంది.

నాకొచ్చిన డోర్ ఇంకా మా వరండాలోనే గోడకి ఆనించి ఉంది. ఎడమవైపుది, ముందుది, లప్పం లేదు. 1100డీ గానీ ప్రెసిడెంట్ గానీ ఉన్నవాళ్లెవరైనా పత్రికకి రాస్తే కొన్న ధరకే ఇచ్చేస్తాను, కిరాయి వాళ్లదే.

- ఒక పాత ఫియట్ యజమాని, విజయవాడ