కోపం గురించి కూడా అడిగినందుకు

తిరుపతి రుయా ఆస్పత్రి మానసిక వైద్య విభాగం డాక్టర్లకు, సిస్టర్లకు, మందుల కౌంటర్ వాళ్లకు డిప్రెషన్ రోగుల ఇళ్లవాళ్ల తరఫున నమస్కారాలు.

డిప్రెషన్ అంటే మూల కూర్చుని ఏడవడమే అనుకుంటారు జనం. చిన్న మాటకే గయ్యిమని లేచి, గుండె దడదడలాడి, చెమటలు పట్టి, చేతిలోది విసిరికొట్టి, కాసేపటికే తలదించుకునే మనిషిని చూసి 'కొవ్వెక్కింది' అంటారే గానీ జబ్బనరు. ఓపీలో మీరు నిద్ర, ఆకలితోపాటు కోపం గురించీ అడిగారు. అడగనిదే ఎవరూ చెప్పరు, సిగ్గు కదా. 1990లలో అమెరికాలో మానసిక వైద్యుడు మారిజియో ఫావా బృందం ఇలాంటి రోగులకు ఫ్లూయాక్సెటిన్ అనే డిప్రెషన్ మందు ఇచ్చి చూస్తే, సగం మందికి పైగా ఆ కోపపు దాడులు ఆగిపోయాయి.

అలాగని ఇంట్లో ఆడవాళ్ల మీద చెయ్యి చేసుకోవడాన్ని మీరు వెనకేసుకు రాలేదు. అది తప్పని రోగి ముందే అనడం బాగుంది.

మాకు అన్నిటికంటే పనికొచ్చింది తొలి వారాల గురించి ముందే చెప్పడం. సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు 25 లేదా 50 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, గుణం తెలియడానికి 2 నుంచి 6 వారాలు. ఆలోపే కొందరికి కాలు ఒకచోట నిలవదు, నిద్ర పట్టదు, చిరాకు ఇంకా పెరుగుతుంది. ఇది పాత కోపం కాదు, మందు తెచ్చిన అలజడి. డాక్టరుకు చెబితే డోసు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. 25 ఏళ్ల లోపువాళ్లకు చావు ఆలోచనలు ఎక్కువయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే ఆ రోజుల్లో ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు డబ్బా, మిగిలిన మాత్రలు బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి.

రెండు మూడు గంటలే పడుకున్నా హుషారు తగ్గక, ఆగకుండా మాట్లాడుతూ, డబ్బు తగలేస్తూ, అడ్డొస్తే మండిపడుతుంటే అది కుంగుబాటు, అతి హుషారు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బు కావచ్చు. తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెంటనే తీసుకురావాలి.

కోపం తగ్గిందని మాత్ర మానేయడం ఇంకో తంటా. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే రెండు మూడు రోజులకే తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, మళ్లీ చిరాకు. ఫ్లూయాక్సెటిన్ ఒంట్లో చాలా రోజులుంటుంది కాబట్టి దానితో ఈ బాధ తక్కువ. నయమయ్యాక కూడా కనీసం 6 నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పలమనేరు, పుంగనూరు వైపు నుంచి వచ్చేవాళ్లు అట్ట ఖాళీ అయ్యాకే బస్సెక్కుతారు. వారానికి సరిపడా మాత్రలుండగానే రమ్మని గట్టిగా చెప్పిన సిస్టర్లకు ప్రత్యేకంగా దండాలు. రాత్రిపూట దిక్కుతోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.