కట్ట కింద ఎవరున్నారో ముందు చూడండి

గనుల శాఖ మంత్రి గారికి,
దేవరకొండ నుంచి ఒక రైతు నమస్కరించి రాస్తున్నది.

చిన్నప్పుడు మా ఊరి చెరువును కాచే నీరటి వెంట కట్ట మీద నడిచేవాణ్ని. ఎలుక బొక్క కనపడితే మట్టి కుక్కి, మడమతో తొక్కి, మళ్లీ మట్టి కుక్కేవాడు. కట్ట అడుగున చెమ్మ తగిలితే ఆ రాత్రి ఇంటికి పోయేవాడు కాదు. కట్టకు బుంగ పడితే మునిగేది ఆయన ఇల్లే మరి.

ఖనిజం తీశాక మిగిలిన బురదను ఆపే గనుల వ్యర్థాల కట్టలకు అలాంటి నీరటి ఉండడు. కట్ట ఎంత ఎత్తు లేపాలో, ఎంత ఖర్చులో ముగించాలో తేల్చేవాళ్లు ఎక్కడో ఉంటారు. బ్రెజిల్‌లోని బ్రుమాదిన్యోలో 2019 జనవరి 25న కట్ట తెగితే 270 మంది చనిపోయారు. అది వాడకం ఆపేసిన పాత కట్ట. కూలీలు అన్నం తినే క్యాంటీను సరిగ్గా దాని కిందే ఉంది, తెగింది మధ్యాహ్న భోజనాల వేళ. సైరన్ మోగలేదు. అంతకు కొన్ని నెలల ముందే, గని కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న తనిఖీ సంస్థ ఆ కట్ట గట్టిగానే ఉందని సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ కట్టను లేపిన పద్ధతి కూడా చూడండి: పాత బురద ఎండితే, ఆ బురద మీదే కొత్త కట్ట. చవక కాబట్టి అలా కట్టారు. ఆ పద్ధతిని బ్రెజిల్ నిషేధించింది, కానీ 270 ప్రాణాలు పోయాక.

వేల్స్‌లోని అబర్‌ఫాన్ గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అక్కడ బొగ్గు వ్యర్థాలను కొండ మీద, నీటి ఊటల పైనే గుట్టగా పోశారు. బడి వెనకాల అలా పోయడం ప్రమాదమని 1963లోనే స్థానిక ఇంజినీరు ఉత్తరం రాశాడు. 1966 అక్టోబరు 21న గుట్ట జారి 144 మంది పోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు. ఆ తర్వాత మిగిలిన గుట్టలు తొలగించడానికి, బాధితుల కోసం జనం పోగుచేసిన చందాలోంచే డబ్బు తీసుకున్నారు.

ఇక మా నల్గొండ జిల్లా సంగతి. లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వుతామని 2003లో, శేరిపల్లిలో శుద్ధి కర్మాగారం పెడతామని 2005లో ప్రజాభిప్రాయ సేకరణలు జరిగాయి. టన్ను రాయి పిండితే దక్కేది కిలో అటూ ఇటూ. తక్కిందంతా మా నెత్తిన ఉండే బురదే. యురేనియం తీసేసినా రేడియోధార్మికతలో ఎక్కువ పాలు అందులోనే ఉంటుంది. పక్కనే నాగార్జునసాగర్. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లా ఇది. నీళ్లు ఒకసారి చెడితే ఎన్ని తరాలు మోయాలో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించింది. లంబాపూర్ గట్ల గురించీ అదే మాట రాతలో ఇవ్వండి. మిగతా ఏ గనికి అనుమతి ఇచ్చినా, కట్టను తనిఖీ చేసేవాళ్ల జీతం కంపెనీ చేతిలో పెట్టకండి. కట్ట కింద ఊళ్లవాళ్లు ఎప్పుడంటే అప్పుడు కట్టెక్కి చూసే హక్కు, చెమ్మ కనపడితే పని ఆపించే హక్కు ఆ అనుమతి పత్రంలోనే రాయించండి.

ఇట్లు,
దేవరకొండ ప్రాంత రైతు