రిజిస్టరులో ఉంది, బీరువాలో లేదు

సంపాదకులకు నమస్కారం.

నేను గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మాకు స్టాక్ వెరిఫికేషన్ అని ఒక తద్దినం ఉండేది. ఒకరు రిజిస్టరు చూసి నంబరు చదవాలి, ఇంకొకరు బీరువాలోంచి ఆ పుస్తకం తీసి చూపించాలి. దొరక్కపోతే సంజాయిషీ రాసుకోవాలి. ఆ అలవాటు పోలేదు. ఏ జాబితా కనబడినా, దీన్ని చివరిసారి ఎవరు సరిచూశారు, ఎప్పుడు చూశారు అనే అడగబుద్ధవుతుంది.

పోయిన శ్రావణంలో మా మరదలు ఫోను చేసింది. మా తమ్ముడికి షామియానాల వ్యాపారం. తాగుడు ఎప్పటినుంచో ఉంది గానీ, ఇప్పుడు పొద్దున్నే ఒక చుక్క పడకపోతే చేతులు వణికే దాకా వచ్చింది. "వదినా, ఎక్కడన్నా చేర్పిద్దాం. మీరు చదువుకున్నవారు, మంచిది చూడండి" అంది. సరేనని గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల డీ-అడిక్షన్ సెంటర్ల పేర్లు ఇంటర్నెట్లో కనబడినవన్నీ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించాను. 23 వచ్చాయి. వరసబెట్టి ఫోన్లు చేశాను.

ఐదు నంబర్లు అసలు పనిచేయడం లేదు. ఏడు పేర్లకు ఫోను ఎత్తింది ఇద్దరే మనుషులు. పేరు మారుతోంది, అదే గొంతు, వెనకాల అదే టీవీ. మూడు ఫోన్లు ఎక్కడో వేరే రాష్ట్రంలో కూర్చున్నవాళ్ళకు పోయాయి. వాళ్ళు మనిషి వయసు అడగలేదు, ఎంత తాగుతాడో అడగలేదు, "మీ బడ్జెట్ ఎంతమ్మా" అన్నారు. మిగిలినవి ఎనిమిది. ఆ ఎనిమిదింటినీ రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే ఇద్దరు చెప్పారు. తక్కినవాళ్ళది ఒకటే పాట: "అవన్నీ ఉన్నాయమ్మా, ముందు మనిషిని తీసుకురండి. రానంటే వ్యాను పంపిస్తాం." మా తమ్ముణ్ణి ఎత్తుకెళ్ళడానికి వ్యాను సిద్ధంగా ఉంది గానీ, రాత్రిపూట డాక్టరు ఉంటాడా అంటే సూటిగా జవాబు లేదు.

ఆ ప్రశ్న చాదస్తం కాదు. బాగా అలవాటుపడిన మనిషికి తాగుడు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి చెదిరి లేనివి కనబడవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. నేను చూసిన జాబితాల్లో ఏసీ గదులున్నాయి, యోగా ఉంది, ఐదు నక్షత్రాలున్నాయి. డాక్టరు ఏ వేళల్లో ఉంటాడన్న గడి మాత్రం లేదు. ఆడవాళ్ళను చేర్చుకుంటారా అన్నదీ లేదు.

ఈ జాబితాలు ఎలా పుడతాయో తర్వాత మా అక్క కొడుకు కూర్చోబెట్టి చెప్పాడు. వ్యాపార వెబ్‌సైట్లలో వివరాలు నింపేది సెంటరు యజమానే. డబ్బు కట్టినవాడి పేరు పైకొస్తుంది. ఒక సైటులో ఉన్న తప్పు నంబరును ఇంకో సైటు ఎత్తి రాసుకుంటుంది, దాన్ని మూడోది. మ్యాపులో అయితే ఎవరైనా ఒక చుక్క పెట్టేయొచ్చు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ జాబితా వీటికంటే నయం. కానీ అందులో ఉండేవి ముఖ్యంగా ఆ శాఖ సాయంతో నడిచే కేంద్రాలు. గ్రాంటు ఎవరికి వెళ్ళిందో తెలుస్తుంది గానీ, ఈ రాత్రి మంచం ఖాళీ ఉందో లేదో దాంతో తేలదు.

అమెరికాలో ప్రభుత్వమే ఫైండ్ ట్రీట్‌మెంట్ అనే వెబ్‌సైటు నడుపుతోందట. ఏటా సర్వే చేసి వివరాలు తెప్పించుకుంటారు. ఏ మందులు వాడతారు, ఏ బీమా చెల్లుతుంది అని వడపోసి వెతుక్కోవచ్చు. అక్కడా ఫారం నింపేది సెంటరువాళ్ళే కాబట్టి నేను మరీ మురిసిపోలేదు. పైగా అక్కడి ప్రైవేటు హెల్ప్‌లైన్లు కొన్ని రోగుల ఫోన్‌కాళ్ళనే సెంటర్లకు అమ్ముకున్నాయి. ఆ గోల ముదిరి 2017లో గూగుల్ డీ-అడిక్షన్ సెంటర్ల ప్రకటనలకు కళ్ళెం వేసింది, మరుసటి ఏడు ధ్రువీకరణ ఉన్నవాళ్ళకే మళ్ళీ తలుపు తీసింది. నన్ను బడ్జెట్ అడిగిన గొంతు దేనిమీద బతుకుతోందో అప్పుడు అర్థమైంది.

మనకు చట్టం లేక కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు దాని కిందికే వస్తాయి. అలాంటివారిని చేర్చుకుని వైద్యం చేసే చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై తీరాలి. నమోదు లేకుండా నడిపితే మొదటిసారికి 5,000 నుంచి 50,000 రూపాయల దాకా జరిమానా. ఆ నమోదు రిజిస్టరును ఇంటర్నెట్లో కూడా ప్రచురించాలని అదే చట్టం చెబుతోంది. నేననేది ఇంతే: ప్రతి జాబితాలో ప్రతి పేరు పక్కన ఆ నమోదు నంబరు ఉండాలి, చివరిసారి ఫోను చేసి సరిచూసిన తేదీ ఉండాలి. మా లైబ్రరీలో పావలా విలువ చేసే పుస్తకానికి కూడా యాక్సెషన్ నంబరు, అంటే రిజిస్టరులో ఎక్కించిన నంబరు, ఉండేది.

ఎయిమ్స్ వైద్యులు 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా ముప్పై ఏడుగురి ఇళ్ళలోనూ మా మరదలి లాంటి మనిషి ఒకరుంటారు. అందరికీ 23 ఫోన్లు చేసే తీరిక, ఓపిక ఉండవు.

మా తమ్ముణ్ణి చివరికి ఏ జాబితా చూసీ చేర్చలేదు. ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో ఓపీ చీటీ రాయించి, గంటన్నర బెంచీ మీద కూర్చుని చూపించాం. వార్డులో పెట్టుకుని మాత్రలు వాడారు. ఏడు నెలలైంది. మధ్యలో సంక్రాంతికి ఒకసారి జారాడు, మళ్ళీ తీసుకెళ్ళాం. 14446 అనే జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైను ఉందని అక్కడ క్యూలో పక్కన కూర్చున్నావిడ చెబితే తెలిసింది. చదువుకున్న వదిన సంగతి ఇదీ.

మీ పత్రిక వర్గీకృత ప్రకటనల్లో కూడా "తెలియకుండా అన్నంలో కలిపి తాగుడు మాన్పిస్తాం" అని సెల్ నంబరుతో వస్తోంది. అది తీసుకునే కౌంటరులో ఎవరైనా నమోదు నంబరు అడుగుతున్నారా? ఈ ఉత్తరం వేసినా వేయకపోయినా దానికి జవాబు కావాలి. నా నోటుపుస్తకం మీ విలేకరి వస్తే ఇస్తాను. ఏ నంబరుకు ఏ రోజు ఫోను చేశానో పక్కనే తేదీ వేసి ఉంది.

— ఒక విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగిని, తెనాలి