ఊరికే వెలిగించిన కొలిమి

మైదుకూరు
ఆదివారం, రాత్రి ఎనిమిదిన్నర

మామా,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. నీ జాబు దసరాకు ముందే వచ్చింది. "ఫోన్లో మాట్లాడేది మాటలు కాదురా, ఒక జాబు రాయి, డ్యూటీ అయినాక పండుకొని చదువుకుంటా" అన్నావు చూడు, ఆ కాగితం నా చొక్కా జేబులోనే ఇన్ని నెలలు తిరిగింది. రెండు సార్లు మొదలుపెట్టినా. రెండు సార్లూ "ఇక్కడ అందరమూ క్షేమం" కాడే నిలిచిపోయినా. తప్పు నాదే, మన్నించు. ఈ పొద్దు మాత్రం నిలిపేది లేదు. మన వీధి చివరింటాయన రాత్రికే కువైట్ బయల్దేరుతాండాడు. పదిన్నరకు కారొస్తాది. ఆ లోపల ఎంత రాస్తే అంత నీకు.

ఇంటి సంగతులు తొందరగా చెప్పేస్తా. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గింది. పాప ఆరో తరగతి. మండీలో లెక్కలు రాసే పని అదే, కుర్చీ అదే. మీ అమ్మను పోయిన వారం చూసొచ్చినా, బాగుండాది, ఈయన చేతనే చింతకాయ తొక్కు పంపుతాది, సీసా మూత గట్టిగా బిగించింది నేనే. అయిపోయినాయి. ఇంగ అసలు సంగతి.

నేను కత్తి చేసినా మామా.

కొన్నది కాదు, చేయించింది కాదు. ఇనుము కాల్చి, కొట్టి, పదును పెట్టి నా చేతుల్తో చేసినా. ఇది నీకు చెప్పకుండా నాకు నిద్ర పట్టేట్టు లేదు.

బద్వేలు రోడ్డులో వేపమాను కింద ఆచారి తాత కొలిమి గుర్తుందా? మనం బొంగరాలకు ములుకులు కొట్టించుకున్నది ఆడనే. (నీ బొంగరం, మూడో ములికి, ఆ స్కూటర్ టైరు... ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు నేను. మాటంటే మాటే.) కొలిమి ఇంకా ఉండాది. గోడ మీద బ్రహ్మంగారి పటం కూడా అదే, పొగకు నల్లబడి కండ్లు మాత్రం కనబడతాయి. సంక్రాంతి పోయిన వారానికి, అమ్మ కత్తిపీట మొద్దుబారిందంటే తీసుకొని పోయినా. తాత ఊరికే కూర్చోనుండాడు. ఒకప్పుడు ఏరువాక దగ్గర పడేకొద్దీ కర్రులు, గుంటకలు అంటా ఆయనకు ఊపిరి సలిపేది కాదు. ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చె, కొడవండ్లు సంతలో చేసినవే దొరకబట్టె. నా కత్తిపీట సాన పట్టడం పది నిమిషాల పని. అయిపోయింది. డబ్బులిచ్చినా. లేయబుద్ధి కాలేదు.

"ఏం పని మీద పోతాండావురా?" అన్నాడు.

"ఏం లేదు తాతా, ఆదివారం కదా."

"అట్లయితే చక్రం తిప్పు."

తోలు తిత్తి పోయి చాన్నాళ్ళయింది, చేత్తో తిప్పే గాలి చక్రం పెట్టుకున్నాడు. తిప్పినా. బొగ్గులు మొదట అలిగినట్టు నల్లగా కూర్చోనుండి, మెల్లమెల్లగా లోపల్నుంచి ఎర్రబడి, ఉన్నట్టుండి చింతనిప్పులైపోతాయి చూడు, ఆ కాసేపూ నా కన్ను పక్కకు తిరగలేదు. తాత ఒక ఇనుప ముక్క కాల్చినాడు, కొట్టినాడు, మళ్ళా కాల్చినాడు, సాగదీసినాడు, మెలిపెట్టినాడు. చివరికి అది ఏ వస్తువూ కాకుండానే నీళ్ళ తొట్లో వేసేసినాడు. "ఇదేంది తాతా?" అంటే "ఏమోరా, చెయ్యి ఆడించుకున్యా" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు మామా. డెబ్బై ఏండ్లు దాటిన మనిషి, అరవై ఏండ్లుగా సుత్తి పట్టినాయన, ఇంకా చెయ్యి ఆడించుకుంటాండాడు. మండీలో నేను పట్టే ప్రతి కాగితానికీ ఒక ఎందుకు ఉంటాది. ఎవరికి, ఎన్ని బస్తాలు, ఏ తేదీ లోపల. ఇంటికొచ్చినా అంతే. నాకు ఎందుకు లేని పని ఒక్కటన్నా ఉందా అని ఆ రాత్రి వెతుక్కున్నా. దొరకలేదు. దిగులేసింది.

రెండో ఆదివారం నేనే పోయినా, కత్తి చేస్తానని. కాగితం మీద బొమ్మ గీసుకొని, ఎనిమిదంగుళాల పొడుగు, ఇంత వెడల్పు అని కొలతలేసుకొని, మధ్యాహ్నం భోజనాల లోపల అయిపోవాలని మనసులో గడువు కూడా పెట్టుకొని పోయినా. తాత ఏమీ అనలేదు. తుక్కు కుప్పలోంచి ఒక పాత ఆకురాయి, ఇనుమును అరగదీసే పళ్ళ ఉక్కు పట్టీ, తీసి, రెండు ముక్కలు చేసి, ఒక ముక్క నాకిచ్చినాడు. కొట్టినా. ఆకారం బాగానే వచ్చింది, సరిగ్గా కాగితం మీది మాదిరే. ఇంగ పదును పట్టాల, అంటే ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరచాల. నూనె కాచేంత ఓపిక ఎవరికుండాది? ఎర్రగా ఉన్నదాన్ని నీళ్ళలో ముంచినా.

"టిక్" మనింది.

వేడి టీ పోస్తే గాజు గ్లాసు అంటాదే, అంత చిన్న శబ్దం. నేను తాత మొహం చూసినా. ఆయనకు ఆ శబ్దంతోనే తెలిసిపోయింది. బయటికి తీస్తే అంచు నుంచి పైకి వెంట్రుక మాదిరి పగులు. ఆకురాయి ఉక్కులో కార్బన్ ఎక్కువ, నూటికి సుమారు ఒక పాలు. అంత కార్బన్ ఉన్న ఉక్కు నీళ్ళలో పడితే దిమ్మని గట్టిపడతాది. పైపొర చల్లారినంత వేగంగా లోపలిది చల్లారదు, ఆ గుంజులాటలో చీలిపోతాది. ఇదంతా తర్వాత తెలుసుకున్నా. ఆ పొద్దు మాత్రం ఏడుపొచ్చింది, నిజంగా. తాత తిట్టలేదు. "నాలుగుసార్లు సెల్లు తీసి టైము చూసినావురా, నేను లెక్కపెట్టినా" అన్నాడు, అంతే.

మూడో ఆదివారం. ఇదే మామా నీకు చెప్పాలనుకున్నది.

సెల్లు ఇంట్లోనే పెట్టి పోయినా. కాగితం లేదు, కొలత లేదు. "ఈ పొద్దు ఏం చేస్తావు?" అంటే "చక్రం తిప్పుతా" అన్నా. తాత నవ్వినాడు. తిప్పినా. అలిసిపోయినాక తుక్కు కుప్ప కాడ కూర్చొని ఊరికే కెలికినా. లారీ కమాను పట్టీలు, బేరింగులు, ఎద్దుల కాలి నాడాలు, తాళంచెవి లేని తాళాలు, సగం కొడవలి. ఒక్కో ముక్కకూ ఒక బతుకుంటాది తెలుసా, నాడా ఒక పక్క అరిగుంటే ఆ ఎద్దు ఎటు ఒరిగి నడిచేదో తాత చెప్పేస్తాడు. ఆ కుప్పలోనే పోయిన వారం మిగిలిన ఆకురాయి రెండో ముక్క చేతికి తగిలింది. జానెడు కూడా లేదు. ఏం చేయాలో అనుకోకుండానే నిప్పుల్లో పెట్టినా.

ఒక పక్కనే కొడతా పోతే ఆ పక్క పలచబడి సాగి, ముక్క మొత్తం వీపు వైపుకు వంగుతాది. పోయిన వారమైతే దాన్ని సరిచేసేదాన్లోనే సగం పొద్దు పోగొట్టుకున్నా. ఈ సారి వంగితే వంగనీ అని వదిలేసినా. మొన సుత్తి కింది దాగలి దిమ్మె అంచు మీద పడి కిందికి వాలింది, చిలక ముక్కు మాదిరి. దాన్నీ అట్లే ఉంచినా. చూడబోతే బాగుండాది! ఇనుము ఎటు పోతాందో చూసి దాని వెనక నేను పోతాండా, అంతే. మధ్యలో నిలిపి టీ తాగినాము. మళ్ళా కాల్చినాము. ఆకలి కూడా గుర్తు రాలేదు.

పదును పట్టేముందర తాత వాకిలికి గోనెపట్టా దించినాడు. కొలిమి ఎందుకు చీకటిగా ఉంటాదో నాకు ఆ పొద్దు అర్థమయింది, వెలుతురులో ఇనుము రంగు మోసం చేస్తాది. "మిరపపండు రంగు చాలదు, మోదుగ పువ్వు రంగు రావాల" అన్నాడు. నేను పాత స్పీకరు అయస్కాంతం ఒకటి తీగకు కట్టి తెచ్చుకొని ఉంటి. 770 డిగ్రీలకు ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తాది, దానికి కొంచెం పైన ముంచాల. తాత కన్నుతో చూసి "ఇంగ రెండు తిప్పులు" అనేసరికి ఇక్కడ అయస్కాంతం వదిలేసింది! నాకు వొళ్ళు జలదరించింది. అరవై ఏండ్లుగా ఆ కండ్లలోనే కొలత ఉండాది మామా.

ఈ సారి చెనిక్కాయల నూనె. ముందు ఒక కాలిన కడ్డీ ముంచి నూనెను గోరువెచ్చగా చేసుకున్నాము. కత్తి ముంచితే ఒక్క మంట లేచి పడిపోయింది, కొలిమంతా మన బస్టాండు బజ్జీల బండి వాసన. చెవులు రిక్కించి కూర్చున్నా. టిక్ లేదు. ఒక నిమిషం. లేదు!

గట్టిపడిందంటే గాజు మాదిరి పెళుసని లెక్క, కొంచెం మెత్తబరచాల. సానరాయితో తెల్లగా తోమి, కాలిన ఇనుప దిమ్మె మీద వీపు ఆనించి పెట్టినాము. అప్పుడు రంగులు నడిచొస్తాయి మామా, నిజంగా నడిచొస్తాయి. వీపు కాడ ముందు ఎండుగడ్డి రంగు, దాని వెనకే వంకాయ రంగు, దాని వెనక నెమలికంఠం. ఒకదాన్ని ఒకటి తోసుకుంటా అంచు వైపుకు జరుగుతాయి. ఎండుగడ్డి అంచును తాకిన క్షణం తాత "ఊఁ" అన్నాడు, నీళ్ళలో వేసినా. అది సుమారు 220, 230 డిగ్రీల కాడ వచ్చే రంగంట, నెమలికంఠమైతే 300. తాతకు ఆ అంకెలతో పని లేదు. కత్తి ఇప్పుడు నా ముందరే ఉండాది. వీపు నీలం, నడుమ వంకాయ, అంచు పసుపు, వాటి కింద పాత ఆకురాయి పళ్ళ గుర్తులు పాము పొలుసుల్లాగ. ఇట్ల రావాలని నేను అనుకొని ఉంటే వచ్చేదా?

పిడికి ఎర్రచందనం సంపాదిస్తానని మండీలో ఒకాయన అన్నాడు. వద్దన్నా. మన తూర్పు కనుమల్లో తప్ప ఎక్కడా తనంతట తాను పెరగని చెట్టు, దాన్ని దొంగతనంగా నరికే చేతులు నా పిడి కాడికి రాకూడదు. చింతకొమ్మ పెట్టినా. గట్టి మాను, చేతికి చల్లగా ఉండాది.

ఇంకో మాట, నువ్వుండే దిక్కుకు సంబంధించింది. ఇంగ్లీషోళ్ళు వూట్జ్ అని రాసుకున్నది మన ఉక్కు మాటేనంట! నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరికి పర్షియా వర్తకులు ఈ ఉక్కు దిమ్మెల కోసమే వచ్చేవాళ్ళంట. డమాస్కస్ కత్తులని పేరు మోసినవాటికి మన పక్క మూసల్లో కాగిన ఉక్కు పోయింది. తొమ్మిదో తరగతి సైన్సు పాఠంలో నిన్ను బెంచీ ఎక్కించిన ఫారడే ఉండాడే, ఆయనే 1819లో ఆ ఉక్కును పరీక్ష చేసినాడు. తాతకు చెప్తే చాలాసేపు పలకలేదు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు. మనుషులు నీ మాదిరి సముద్రం దాటకముందే మన ఇనుము ఆ పక్కకు... సరే, తొమ్మిదీ ముక్కాలయింది, ఇది మళ్ళా రాస్తా.

కత్తి దేనికి పనికొస్తాదో నాకు తెలియదు. కూరగాయలకు చిన్నది, దేనికన్నా వాడదామంటే ఆ ముక్కు అడ్డం. ఊరికే తిప్పి తిప్పి చూసుకుంటాంటే, వాకిట్లో చింతపండు కొడతాండిన తాత కోడలు "అన్నా, అది ఇట్లియ్యి" అనింది. తీసుకొని, కాయ చీల్చి, ఆ చిలక ముక్కుతో గింజను గుక్కున పెరికేసింది. ఇంకొకటి. ఇంకొకటి. ఆమె చెయ్యి ఆగలేదు. పక్కింటామె వచ్చె, ఇంకొకామె వచ్చె. కిలో ఇంతని కూలికి చింతపండు కొట్టేవాళ్ళు వాళ్ళు, గింజలు తీసీ తీసీ బొటనవేళ్ళు పగిలుంటాయి. చీకటి పడేలోపల ఆరుగురు అడిగినారు, మాకూ ఒకటి చేసిపెట్టన్నా అని. నేను ఎందుకు చేసినానో నాకే తెలియనిదాన్ని ఆమె వేళ్ళు గుర్తుపట్టినాయి. రోడ్డు మీదికి వచ్చి వేపమాను కింద నిలబడుకున్నా కొంచెంసేపు. ఏమని రాసేది ఆ సంతోషం? మనం ఎర్రగడ్డల లారీ మీద కడప దాకా పోయిన రాత్రి ఎట్లుండె, అట్లుండె. నీకు మాత్రమే తెలుస్తాది.

ఈ పొద్దు నాలుగో ఆదివారం. ఆ ఆరూ చేద్దామని మొదటిదాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ గీసుకొని పోయినా. రెండు చేసినా. కొలతకు కొలత సరిపోయింది. తాత కోడలు రెండు కాయలు చీల్చి చూసి "అది కాదన్నా ఇది" అని తిరిగిచ్చింది. ముక్కు వంపు అదే, వీపు అదే. ఏం తేడానో నాకు కనబడలేదు, ఆమెకూ చెప్పరాలేదు. మనసు చివుక్కుమనింది. వాళ్ళు ఆశపడినారు కదా. తాత ఆ రెండూ పక్కన పెట్టి, "కొలిమి ఇంకా ఆరలేదు, నువ్వు చక్రం తిప్పు" అన్నాడు. తిప్పినా. సాయంత్రం దాకా ఏదో కొట్టినా, ముక్కు కాదు, వంపు కాదు, కమాను పట్టీ కొస ఒకటి. దాన్ని ఎర్రగా కాల్చి రాత్రికి బూడిదలో పూడ్చిపెట్టి వచ్చినా, మెల్లగా చల్లారి మెత్తబడతాది. పొద్దున్నే మండీకి పోకముందే పోయి తవ్వి చూడాల. మామా, దాని వంపు చూసినాక నాకొకటి అనిపించింది, నువ్వు ఎండాకాలం సెలవుకు వచ్చినప్పుడు మనిద్దరమూ

కారు హారన్ కొడతాండాడు. పదీ ఇరవైకే వచ్చేసినాడే! కత్తి పంపడం లేదు, నువ్వొచ్చి నీ చేత్తో పట్టుకోవాల. తొక్కు సీసా నిలువుగా పెట్టుకోమను. చక్రం తిప్పే పని నీదే, ఇప్పుడే చెప్తాండా

నీ మూడో ములికి