ఫైలు తెచ్చిచ్చిన తమ్ముడికి

కిందటేడు కోఠిలో జిరాక్సులు తీయించుకుని సికింద్రాబాద్ బస్సెక్కాను. దిగాక చూస్తే చేతిలో ఫైలు లేదు. డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్, ఓటరు కార్డు అన్నీ అందులోనే. సాయంత్రమే హౌరా రైలు. అక్కడి నుంచి భూటాన్‌కి, లెక్కల టీచరుగా. అక్కడికి మనకు వీసా అక్కర్లేదు గానీ, పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. నాకు పాస్‌పోర్టు లేదు. ప్లాట్‌ఫారం మీదే కూర్చుని ఏడ్చేశాను.

బయోడేటాలో నంబరు చూసి, ఎవరి ఫోన్ నుంచో చేశావు. "అక్కా, ఫైలు నా దగ్గరుంది, టెన్షన్ పడకండి." రైలు కదలడానికి పది నిమిషాల ముందు పరుగెత్తుకుంటూ వచ్చావు. చొక్కా అంతా చెమట. "ఒక్కసారి అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండక్కా" అన్నావు. నేను కాగితాలు లెక్కపెట్టి తలెత్తేసరికి నువ్వు లేవు. పేరైనా అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సరిహద్దులో మనవైపున్న జైగావ్ దగ్గర గేటు దాటి, భూటాన్ ఊరు ఫుంత్‌షోలింగ్‌లో అడుగుపెట్టినప్పుడు ఆ ఫైలును గుండెకు హత్తుకునే ఉన్నాను. పన్నెండేళ్ల నా టీచరు ఉద్యోగం అక్కడా ఆగకుండా సాగుతోందంటే నీ వల్లే.

అక్కడి బడులకు చలికాలమే పెద్ద సెలవులు. ఇప్పుడు ఇంటికొచ్చాను. ఇది నీ కంటపడితే ఆ బయోడేటాలోని నంబరుకే ఫోన్ చెయ్యి నాన్నా. అమ్మ నీకు తన చేత్తో అన్నం పెట్టాలంటోంది.