డాకర్ పాఠంలో డిస్కు సంగతి కూడా చెప్పాలి

సంపాదకులకు,

అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లోనూ, నగరం చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కళాశాలల్లోనూ డాకర్ (ప్రోగ్రామ్‌లను, వాటికి కావలసినవాటితో సహా, ‘కంటైనర్లు’ అనే విడి పొట్లాలుగా నడిపే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్న విద్యార్థులను డిస్కు చోటు విషయం చాలా ఇబ్బంది పెడుతోంది. ల్యాప్‌టాప్‌లో ఖాళీ బోలెడంత ఉన్నా డాకర్ మాత్రం చోటు లేదంటూ ఆగిపోతుంది. లేదా డాకర్‌లో ఉన్నవన్నీ తీసేసినా సీ డ్రైవ్ నిండుగానే కనిపిస్తుంది. కారణం చెప్పేవారు లేక కొందరు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి పెద్ద ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటున్నారు. చదువుకునే పిల్లలకు అది చిన్న ఖర్చు కాదు, చాలాసార్లు అవసరమైన ఖర్చూ కాదు.

లినక్స్ కంటైనర్లకు లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) కావాలి కనుక, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ డాకర్ డెస్క్‌టాప్ లోలోపల ఒక లినక్స్ వర్చువల్ మెషీన్‌ను (కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌ను) నడుపుతూ, ఇమేజ్‌లను (కంటైనర్లను తయారుచేసే మూసలను), కంటైనర్లను, వాల్యూమ్‌లను (కంటైనర్లు డేటా దాచుకునే చోట్లను) ఒకే పెద్ద డిస్క్ ఫైలులో ఉంచుతుంది. మ్యాక్‌లో ఆ ఫైలు గరిష్ఠ పరిమాణాన్ని సెట్టింగ్స్‌లోని రిసోర్సెస్ విభాగంలో పెంచుకోవచ్చు. అయితే ఒకసారి పెంచినదాన్ని మళ్లీ తగ్గిస్తే పాత ఫైలు తొలగిపోయి, అందులోని ఇమేజ్‌లు, కంటైనర్లు అన్నీ పోతాయన్న సంగతి ముందే తెలిసి ఉండాలి.

విండోస్‌లో చిక్కు వేరు. డబ్ల్యూఎస్‌ఎల్ 2 (డాకర్ వాడుకునే, విండోస్‌లో లినక్స్‌ను నడిపే సదుపాయం) కొత్త వెర్షన్లలో ఆ ఫైలు 1 టీబీ వరకు పెరగవచ్చు కనుక, పరిమితి కంటే ముందు మన డ్రైవే నిండిపోతుంది. పైగా డాకర్ డెస్క్‌టాప్ 4.34కు ముందు వెర్షన్లలో ఆ ఫైలు పెరగడమే గాని తనంతట తాను తగ్గదు. వాటిలో, లోపలివి తీసేశాక డాకర్‌ను, డబ్ల్యూఎస్‌ఎల్‌ను పూర్తిగా ఆపి, విండోస్‌లోని డిస్క్‌పార్ట్ అనే సాధనంతో ఫైలును కుదించినప్పుడే ఆ చోటు విండోస్‌కు తిరిగి దక్కుతుంది. డీ డ్రైవ్‌లో ఖాళీ ఉంటే, డిస్క్ ఇమేజ్ లొకేషన్‌ను సెట్టింగ్స్‌లో అక్కడికి మార్చుకోవడం అన్నిటికంటే సులువు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది శుభ్రం చేసే పద్ధతి. డాకర్‌ఫైలు (ఇమేజ్ తయారీ సూచనలుండే ఫైలు) మార్చి బిల్డ్ చేసిన ప్రతిసారీ పాత లేయర్లు (ఇమేజ్‌లోని పొరలు), బిల్డ్ క్యాష్ (మళ్లీ వాడుకోవడానికి దాచిన బిల్డ్ ఫలితాలు) పేరుకుపోతాయి. దేనికెంత చోటు పట్టిందో, అందులో ఎంత విడిపించవచ్చో ‘డాకర్ సిస్టమ్ డీఎఫ్’ ఆదేశం చూపిస్తుంది. ‘డాకర్ సిస్టమ్ ప్రూన్’ ఆగిపోయిన కంటైనర్లను, వాడని నెట్‌వర్క్‌లను, పేరు లేకుండా మిగిలిన ఇమేజ్‌లను, బిల్డ్ క్యాష్‌ను తీసేస్తుంది కాని, అడిగితే తప్ప వాల్యూమ్‌ల జోలికి పోదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఆదేశాన్ని చదవకుండా అతికించి, వాడుకలో లేని వాల్యూమ్‌లన్నిటినీ తుడిచేస్తే, చివరి ఏడాది ప్రాజెక్టు డేటాబేస్ కూడా వాటితోపాటే పోవచ్చు. దాన్ని వెనక్కి తెచ్చే ఆదేశం డాకర్‌లో లేదు.

కాబట్టి శిక్షణ కేంద్రాలు డాకర్ పాఠాల్లో ఒక తరగతిని పూర్తిగా ఈ విషయానికే కేటాయించాలని, కళాశాలలు ల్యాబ్ కంప్యూటర్లలో డాకర్‌ను ఇన్‌స్టాల్ చేసే రోజే దాని డిస్క్ ఫైలును ఖాళీ ఉన్న డ్రైవ్‌కు మార్చి ఇవ్వాలని కోరుతున్నాను. వాల్యూమ్‌లను బ్యాకప్ తీసుకునే విధానాన్ని మీ విద్యా పేజీలో తెలుగులో వివరంగా ప్రచురిస్తే, ఇంగ్లిష్ డాక్యుమెంటేషన్ చదవడానికి ఇబ్బంది పడే విద్యార్థులకు ఎంతో మేలు చేసినవారవుతారు.

భవదీయుడు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి,
కూకట్‌పల్లి, హైదరాబాద్