ఫలించని ప్రయోగాలూ అచ్చులోకి రావాలి

సంపాదకులకు,

జంతువుల మీద చేసే ప్రయోగాల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివి రాస్తున్నాను. నేను 22 ఏళ్లు ప్లాస్టిక్ సర్జరీ వార్డులో నర్సుగా చేశాను.

యాక్సిడెంట్‌లో ఎముక బయటపడిన కాలినో, క్యాన్సర్ గడ్డ తీసేసిన దవడనో పక్కనున్న చర్మం జరిపి కప్పుతారు. దాని రక్తనాళాలు తెగకుండా జరుపుతారు కాబట్టి అది బతకాలి. ఫ్లాప్ అంటాం దాన్ని. ఆపరేషన్ అయిన రాత్రి గంటగంటకీ వేలితో నొక్కి చూడటం మా పని. పాలిపోయి చల్లగా ఉంటే రక్తం అందడం లేదు. నీలంగా ఉబ్బి, నొక్కి వదలగానే రంగు చటుక్కున తిరిగొస్తే, వచ్చిన రక్తం వెనక్కి పోవడం లేదు. ఏది కనిపించినా అర్ధరాత్రయినా డాక్టర్‌ని లేపాల్సిందే.

ఇంత కాపలా కాసినా ఒక్కోసారి చివర నల్లబడేది. కాలికి ఫ్లాప్ వేసిన ఒక కుర్రాడు, డ్రెస్సింగ్ విప్పుతుంటే పుండు వైపు చూడకుండా నా మొహమే చూస్తూ "నల్లగా ఉందా సిస్టర్?" అన్నాడు. రెండు వేళ్ల మేర పోయింది. మళ్లీ ఆపరేషన్.

ఆ రెండు వేళ్ల చర్మం కోసమే ఈ ప్రయోగాలు. 1965లో మెక్‌ఫార్లేన్ అనే సర్జన్ బృందం ఎలుక వీపు మీద ఒక పద్ధతి చూపించింది. ఒక కొస మాత్రం అతికి ఉండేలా పొడవాటి చర్మపు పట్టీ లేపి, తిరిగి అక్కడే కుట్టేస్తారు. రెండో కొస చచ్చిపోయేంత పొడవు కావాలనే తీస్తారు. మందిచ్చి, సాధారణంగా ఏడో రోజున ఎంత నల్లబడిందో కొలుస్తారు. అలా పరీక్షించిన మందులు బోలెడు. మా వార్డు బీరువా దాకా వచ్చినవి చాలా తక్కువ. ఎలుక చర్మం వదులు, కింద పల్చటి కండపొర ఉంటుంది. మన చర్మం అలాంటిది కాదు, పంది చర్మం మనకి దగ్గర.

1970లో మిల్టన్ అనే సర్జన్ పందుల మీద చేసి చూపించింది మాత్రం నిలిచింది. వెడల్పు పెంచితే అంత పొడవూ బతుకుతుందని అప్పటిదాకా నమ్మేవారు. వెడల్పు కాదు, లోపల ఏ రక్తనాళం ఉందన్నదే ముఖ్యమని ఆయన తేల్చారు. ఆపరేషన్‌కి ముందు సర్జన్ చర్మం మీద గీసే గీతలో ఆ పందుల రుణం ఉంది.

అందుకే ప్రయోగాలు వద్దనను. పనిచేయని మందుల ఫలితాలనూ, ఎన్ని జంతువులు పోయాయో ఆ లెక్కతో సహా ప్రచురించాలి. లేకపోతే ఒకరు చేసి వదిలేసిన ప్రయోగమే తెలియక మరొకరు ఇంకొన్ని ఎలుకల మీద చేస్తారు.

మీకూ ఒక మనవి. "ఎలుకల్లో ఫలించింది" అని వార్త వేసినప్పుడు, మనుషుల మీద ఇంకా పరీక్షించకపోతే ఆ మాట మొదటి పేరాలోనే రాయండి. ఆ కుర్రాడి తల్లి అలాంటి వార్త ఒకటి కత్తిరించి తెచ్చి, "ఈ మందు మావాడికి ఎందుకు ఇవ్వరమ్మా?" అని నన్ను అడిగింది.

- ఒక రిటైర్డ్ నర్సు